కరువు పనికి లెక్క అడిగిన ఊళ్లు

ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు ఉపాధి హామీ. అనంతపురం పల్లెల్లో, పాలమూరు తండాల్లో చాలామంది నోట వచ్చే మాట మాత్రం "కరువు పని". పొద్దున్నే గడ్డపార, తట్ట, సద్దిమూట పట్టుకుని బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే "కరువు పనికి" అంటుంది. ఆ ఏడు వానలు బాగా పడి చెరువు అలుగు పారుతున్నా అదే మాట. 2006లో మొదలైన పథకానికి జనం అంత పాత పేరు పెట్టుకున్నారంటే, దాని వెనక నూరేళ్లు పైబడిన జ్ఞాపకం ఉంది. ఆ జ్ఞాపకంలో సగం ఆకలి, సగం లెక్క. ఎంత తవ్వారు, ఎన్ని రోజులు తవ్వారు, చేతికి ఎంత వచ్చింది, పుస్తకంలో ఎంత రాశారు? ఈ ప్రశ్నలు అడిగే హక్కు తవ్విన మనిషికి ఎప్పుడు, ఎలా వచ్చిందన్నదే ఈ కథ.

1876లో వానలు ముఖం చాటేశాయి. ధాత నామ సంవత్సరం కాబట్టి అది ధాత కరువయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. తిండికోసం వచ్చినవాళ్లతో ప్రభుత్వం రోడ్లు వేయించింది, చెరువులు తవ్వించింది. పనుల మీద ఖర్చు పెరిగిపోతోందని కలకత్తా ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్‌ను తనిఖీకి పంపింది. ఆయన 1877 మొదట్లో వచ్చి చూసి, మగ కూలీకి రోజుకు పౌనున్నర ధాన్యం విలువ ఇస్తున్నది ఎక్కువన్నాడు. పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర చాలని తేల్చాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దాన్ని గట్టిగా ఎదిరించాడు. ఎండలో మట్టి మోసే మనిషి ఆ తిండితో బతకడని వాదించాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం రేటు మళ్లీ పెంచింది. ఈలోగా పోవాల్సిన ప్రాణాలు పోయాయి.

తెలుగునాట ఒక ప్రభుత్వ పథకాన్ని పైనుంచి వచ్చి అంచనా కట్టిన తొలి ఘట్టాల్లో ఇదొకటి. టెంపుల్ నిజాయితీ లేనివాడేమీ కాదు. ఊరూరా తిరిగాడు, లెక్కలు చూశాడు. కానీ ఆయన చూసింది ఖజానా వైపు నుంచి. ఆ పనుల్లో తవ్విన కాలువ ఒకటి ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ప్రకాశం, నెల్లూరు జిల్లాల తీరం వెంబడి మద్రాసు దాకా, ఆ తర్వాతా సాగే బకింగ్‌హాం కాలువలో ఒక భాగాన్ని 1877-78లో కరువు కూలీలే తవ్వారు. కాలువకు గవర్నరు పేరు పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు ఆ రోజు హాజరు పట్టీలోకి ఎక్కి, ఆ పట్టీతోనే పోయాయి.

హాజరు పట్టీని జనం మస్టరు అంటారు. సైన్యంలో సిపాయిల హాజరు వేసే పద్ధతి నుంచి వచ్చిన మాట అది. మస్టరుతో పాటు రెండో పుస్తకం ఎం-బుక్కు, అంటే కొలతల పుస్తకం. పబ్లిక్ వర్క్స్ శాఖ కట్టుబాట్లలో దీనికున్నంత పట్టింపు మరే కాగితానికీ లేదు. ప్రతి పుస్తకానికీ నంబరు, ప్రతి పేజీకీ నంబరు ఉంటాయి. పేజీ చింపకూడదు. కొలత పని దగ్గరే, పని జరిగిన చోటే రాయాలి. తప్పు పడితే కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టాలి. కింది ఉద్యోగి రాసిన కొలతను పై ఇంజనీరు వచ్చి మళ్లీ కొలవాలి.

మట్టి పని కొలవడం పైకి కనిపించినంత తేలిక కాదు. తవ్వేసిన గుంత ఎంత లోతో తెలియాలంటే, తవ్వకముందు నేల ఎక్కడుందో తెలియాలి. అందుకే గుంత నడుమ అక్కడక్కడా తవ్వకుండా ఒక మట్టి దిమ్మె వదిలేస్తారు. పైన గడ్డి కూడా అలాగే ఉంటుంది. కొలిచేవాడు టేపును దిమ్మె నెత్తి నుంచి గుంత అడుగు దాకా దించుతాడు. పొడవు, వెడల్పు, లోతు, మూడూ గుణిస్తే ఘనపు కొలత. కొలత అయ్యాక దిమ్మెను కూడా తవ్వేస్తారు. సాక్షి ఆయుష్షు అంతవరకే. ఆ తర్వాత మిగిలేది ఎం-బుక్కులో అంకె ఒక్కటే. మోసం చేయదలిచినవాడు గుంత లోతు పెంచడు, అంకె లోతు పెంచుతాడు. వానాకాలం రాగానే చెరువులో నీళ్లొచ్చి ఆ గుంత ఎవరికీ కనిపించకుండా పోతుంది.

మన ప్రాంతానికి ఇంకా పాత కొలతల సంప్రదాయమూ ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలేమిటో, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలేమిటో ఆ శాసనం లెక్కపెట్టి చెబుతుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, ఇద్దరు రాజుల పొలిమేరలో ఉండడం, నడుమ మిట్ట ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువ కావడం, ఇవీ దోషాలు. ఆరు వందల యాభై ఏళ్ల కిందట ఒక ప్రజా నిర్మాణాన్ని బేరీజు వేయడానికి రాసుకున్న కొలబద్ద ఇది. కట్ట పొడవు, వెడల్పు, ఎత్తు కూడా రాతి మీదే ఉన్నాయి. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా చెక్కారు. ఈ మాత్రం వివరం ఇప్పటి శిలాఫలకాల మీద కూడా కనిపించదు. అయినా ఆ వెయ్యిమందికి ఏం ముట్టిందో అందులో లేదు.

స్వాతంత్ర్యం తర్వాత బేరీజు వేసే పనికి కొత్త హోదా వచ్చింది. 1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలైంది. అదే నెలలో, పథకం బాగోగులు చూడడానికి ప్రణాళికా సంఘం కింద ప్రోగ్రాం ఎవాల్యుయేషన్ ఆర్గనైజేషన్ పుట్టింది. పథకంతో పాటే దాని పరీక్షకుణ్నీ పుట్టించడం ఆ రోజుల్లో నిజంగా మెచ్చుకోదగ్గ ఆలోచన. హైదరాబాద్ శివార్లలోని శామీర్‌పేట మీద అధ్యయనంతో పేరు తెచ్చుకున్న ఎస్‌.సి. దూబే లాంటి సామాజిక శాస్త్రవేత్తలు అభివృద్ధి పథకాలు పల్లెలో ఎలా దిగుతున్నాయో రాశారు. 1957లో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ, జనం చొరవ లేకుండా ఈ పని సాగదని చెప్పింది. 1959లో రాజస్థాన్ తర్వాత ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌ను అందుకుంది, షాద్‌నగర్‌లో దానికి శ్రీకారం చుట్టారు. ఇంత జరిగినా, మూల్యాంకనంలో పల్లె మనిషి పాత్ర మారలేదు. వచ్చినవాళ్లు అడుగుతారు, ఆయన జవాబు చెబుతాడు, నివేదిక ఢిల్లీకి పోతుంది. ఆ నివేదికలో ఏముందో ఆయనకు ఎవరూ చెప్పరు.

ఈ వరస రాజస్థాన్‌లో తిరగబడింది. 1990లో, ఇప్పటి రాజ్‌సమంద్ జిల్లాలోని దేవ్‌డుంగ్రీ అనే చిన్న ఊరు కేంద్రంగా అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ తదితరులు మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ స్థాపించారు. కరువు పనుల్లో కనీస కూలి ఎందుకు రావడం లేదని కూలీలు అడిగితే, కొలత ప్రకారం మీరు అంత పని చేయలేదని అధికారులు అన్నారు. ఆ కొలత చూపించమంటే, అది రహస్యమన్నారు. తమ చేతుల్తో తవ్విన గుంత లెక్క తమకే రహస్యం ఎట్లా అవుతుంది? అక్కడినుంచే ఉద్యమం పుట్టింది. 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో తొలి జన సున్వాయీ, అంటే ప్రజా విచారణ, జరిగింది. కష్టపడి సంపాదించిన మస్టర్లను, బిల్లులను ఊరి నడుమ బిగ్గరగా చదివారు. 1996లో బ్యావర్‌లో నలభై రోజుల ధర్నా చేశారు. "మా పైసలు, మా లెక్క" అన్న ఆ నినాదం చివరకు 2005 సమాచార హక్కు చట్టం దాకా నడిచింది.

అదే 2005లో ఉపాధి హామీ చట్టమూ వచ్చింది. అందులో 17వ సెక్షన్ చాలా చిన్నది. పనులన్నిటి మీదా గ్రామ సభ సామాజిక తనిఖీ చేయాలని, అడిగిన రికార్డులన్నీ పంచాయతీ ఇవ్వాలని అది చెప్పింది. చాలా రాష్ట్రాల్లో ఆ సెక్షన్ కాగితం మీదే ఉండిపోయింది. తెలుగు నేల మీద అది కాళ్లు తెచ్చుకుంది.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ పథకాన్ని ప్రారంభించారు. దేశంలో తొలి విడత 200 జిల్లాలైతే, వాటిలో 13 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వి. అంతకు కొన్నేళ్ల ముందే కరువు కాలంలో నడిచిన పనికి ఆహారం పథకంలో బియ్యం పక్కదారి పట్టాయన్న ఆరోపణలు రాష్ట్రాన్ని కుదిపాయి. ఆ చేదు అనుభవం గ్రామీణాభివృద్ధి శాఖలో కొందరికి గుర్తుంది. శాఖ ముఖ్య కార్యదర్శి కె. రాజు రాజస్థాన్ కార్యకర్తలను పిలిపించి, శిక్షణ ఇప్పించి, 2006లోనే తనిఖీలు మొదలుపెట్టించారు. ఒక ప్రభుత్వం తన పథకం మీద తానే ప్రజల చేత విచారణ జరిపించుకోవడం అప్పటికి దేశంలో వింత. 2009లో ఈ పనికోసమే ఒక ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. రాజస్థాన్ ఉద్యమంలో పనిచేసిన సౌమ్య కిడాంబి దానికి డైరెక్టరయ్యారు. డబ్బు ప్రభుత్వానిదే అయినా, పనులు చేయించే యంత్రాంగానికీ తనిఖీ చేసే వాళ్లకూ మధ్య గోడ కట్టాలన్నది ఉద్దేశం.

దీనికి తోడు మరో సంగతి కలిసొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో టీసీఎస్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ మీద పథకం నడిచింది. అంచనాలు, మస్టర్లు, చెల్లింపులు అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. కాబట్టి మస్టరు కావాలంటే మండలాఫీసు గుమాస్తా దయ అక్కర్లేదు, ప్రింటు తీసుకుంటే చాలు. రాజస్థాన్‌లో ఒక్క మస్టరు కోసం ఏళ్ల తరబడి పోరాడితే, ఇక్కడ ఒక మండలం మస్టర్లు కట్టలు కట్టలుగా ఊరికి చేరాయి. సాఫ్ట్‌వేర్ అబద్ధాన్ని ఆపలేకపోయింది కానీ, దాన్ని అందరూ చదవగలిగే చోట పెట్టింది.

ఇక తనిఖీ ఎట్లా జరిగేదో దగ్గరనుంచి చూడాలి.

తనిఖీ చేసేవాళ్లు కూలీల ఇళ్లలోంచే వచ్చిన యువతీ యువకులు. పదో తరగతో ఇంటరో చదివి ఉంటారు. ఎవరినీ సొంత ఊళ్లో తనిఖీకి వేయరు. ఊళ్లో దిగితే సర్పంచి ఇంట్లోనో కూలీల పని చూసే మేట్ ఇంట్లోనో ఉండకూడదు, కూలీల ఇళ్లలోనే తినాలి, బడిలోనో గుడి అరుగు మీదో పడుకోవాలి. మస్టరు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. గుమ్మం దగ్గర కూర్చుని చదువుతారు. "అవ్వా, పోయిన మాఘంలో ఊట చెరువు దగ్గర నువ్వు పన్నెండు రోజులు పనిచేసినట్టుంది." "పన్నెండెక్కడ నాయనా, ఐదు రోజులకే జొరమొచ్చి మంచం పట్టినా." "మరి డబ్బులు పన్నెండు రోజులకు తీసుకున్నట్టుందే." అవ్వ కాసేపు మాట్లాడదు. తర్వాత పక్కింటి ఆమెను కేకేస్తుంది. పావుగంటలో వాకిలి నిండుతుంది. ఇంకో పేరు చదివితే ఆ మనిషి చనిపోయి రెండేళ్లయిందని తేలుతుంది. మరో పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇంకొకామె ఆ వారమంతా కాన్పుకని పుట్టింట్లో ఉంది. ఇలాంటి మాటలు దాదాపు ప్రతి తనిఖీలోనూ వినిపించేవే. ప్రతి మాటనూ రాసుకుంటారు, చదివి వినిపిస్తారు, వేలిముద్రో సంతకమో తీసుకుంటారు. ఆ తర్వాత టేపు పట్టుకుని పని దగ్గరికి పోయి మళ్లీ కొలుస్తారు.

ఊరూరా గ్రామ సభ అయ్యాక మండల కేంద్రంలో ప్రజా వేదిక. షామియానా కింద ఒకవైపు అధికారులు, ఎదురుగా ట్రాక్టర్లలో, ఆటోల్లో వచ్చిన కూలీలు. ఒక్కో పంచాయతీ నివేదిక చదువుతారు. ఫీల్డ్ అసిస్టెంట్, టెక్నికల్ అసిస్టెంట్, పంచాయతీ కార్యదర్శి లేచి జవాబు చెప్పాలి. కొందరు అక్కడికక్కడే డబ్బు తిరిగి కట్టారు. కొందరు గొడవకు దిగారు. తనిఖీ బృందాలు బెదిరింపులు ఎదుర్కొన్న సందర్భాలూ ఉన్నాయి. ఎన్నడూ ఆఫీసు గడప తొక్కని మనిషి మైకు పట్టుకుని "నేను పని చేయలేదు, నా పేరు మీద ఎవరో తిన్నారు" అనడం చిన్న విషయం కాదు. రేపు పని అడగాల్సింది మళ్లీ ఆ ఫీల్డ్ అసిస్టెంటునే మరి.

దీనివల్ల ఏం మారింది? యామినీ అయ్యర్, సలీమా సంజీ కడప, ఖమ్మం, మెదక్ జిల్లాల్లో కూలీలను తనిఖీకి ముందూ తర్వాతా అడిగి చూశారు. పథకం గురించి, తమ హక్కుల గురించి కూలీలకు తెలిసింది బాగా పెరిగిందని తేలింది. ఫర్జానా అఫ్రీదీ, వెగార్డ్ ఐవర్సన్ చేసిన అధ్యయనం ఇంకా లోతుకు పోయింది. 2006 నుంచి 2010 దాకా ఎనిమిది జిల్లాల తనిఖీ నివేదికలను వాళ్లు వరుసగా చదివారు. కూలి డబ్బులో దొంగతనం కొంత తగ్గింది, కానీ సామగ్రి బిల్లుల్లో అక్రమాలు పెరిగాయి. కారణం ఊహించగలిగిందే. కూలీకి తాను ఎన్ని రోజులు పనిచేసిందీ గుర్తుంటుంది. సిమెంటు ఎన్ని బస్తాలు వచ్చిందీ, ఇసుక ఏ ధరకు కొన్నదీ ఆమెకు తెలిసే దారి లేదు. వెలుగు పడిన చోటి నుంచి దొంగ చీకటి ఉన్న మూలకు జరిగాడు. ఈ ఫలితాన్ని చూపి సామాజిక తనిఖీ విఫలమైందనేవారున్నారు. అది సరైన తీర్పు కాదు. మనిషి కళ్లతో చూడగలిగిన మేరకు తనిఖీ పట్టుకుంది. చూడలేని చోటికి బిల్లులు చదవగల ఇంజనీరును, ఆడిటరును తోడు పంపాలి.

డబ్బు చేతికందే దారి మీదా పరీక్షలు జరిగాయి. వేలిముద్రతో చెల్లించే స్మార్ట్‌కార్డులను ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో లాటరీ పద్ధతిన విడతలుగా ప్రవేశపెట్టి, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ ఫలితం కొలిచారు. కూలి తొందరగా అందింది, దారిలో జారిపోయే సొమ్ము తగ్గింది. ఇంత పెద్ద ఎత్తున ఒక ప్రభుత్వ మార్పును శాస్త్రీయంగా పరీక్షించడం ప్రపంచంలోనే అరుదు.

యంత్రం మీద అంత నమ్మకం అన్నిచోట్లా నిలబడలేదు. 2021లో కేంద్రం పని దగ్గర కూలీల ఫొటో తీసి హాజరు వేసే మొబైల్ యాప్ తెచ్చింది, 2023 జనవరి నుంచి తప్పనిసరి చేసింది. మస్టరులో దొంగ పేర్లకు ఇక చోటుండదన్నారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాస్తూ, పనితో సంబంధం లేని ఫొటోలు, ఫొటోకు తీసిన ఫొటోలు ఎక్కిస్తున్నారని చెప్పింది. సిగ్నల్ లేని గుట్ట మీద రోజంతా పనిచేసి, ఫొటో ఎక్కక కూలి పోగొట్టుకున్న మనిషి గోడు ఆ యాప్‌లో నమోదు కాదు. వాకిట్లో కూర్చుని పేరు చదివే పిల్లకు మాత్రం అది చెప్పుకోవచ్చు.

తనిఖీకి చట్టబలం కూడా క్రమంగా వచ్చింది. 2011లో దేశ ఆడిట్ సంస్థ కాగ్‌తో సంప్రదించి కేంద్రం నిబంధనలు చేసింది. ఆరు నెలలకోసారి ప్రతి పంచాయతీలో తనిఖీ జరగాలంది. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీకి, అవినీతి నివారణకు ప్రత్యేక చట్టం చేసి, సంచార కోర్టులకు చోటిచ్చింది. 2016లో కాగ్ సామాజిక తనిఖీకి ప్రమాణాలు విడుదల చేసింది. రాజస్థాన్ కరువు కూలీలు అడిగిన ప్రశ్న దేశపు అత్యున్నత ఆడిట్ సంస్థ పుస్తకంలోకి ఎక్కింది.

అసలు పుండు రికవరీ దగ్గరుంది. ప్రజా వేదికలో తేలిన సొమ్ములో వెనక్కి వచ్చింది కొద్దిగానే. ఫీల్డ్ అసిస్టెంటు లాంటి చిన్న ఉద్యోగి ఇంటికి పోతాడు, ఎం-బుక్కులో కొలత రాసినవాడు, దాని మీద సంతకం చేసినవాడు చాలాసార్లు బదిలీతో బయటపడతాడు. మొదటి తనిఖీలో మైకు పట్టుకున్న అవ్వ, డబ్బు రాకపోతే నాలుగో తనిఖీకి ఇల్లు దాటి రాదు. ఆమె రాకపోవడాన్ని ఏ నివేదికా లోపంగా లెక్కించదు. ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద నష్టం అదే.

2017లో మేఘాలయ అనేక ప్రభుత్వ పథకాలకు సామాజిక తనిఖీని వర్తింపజేస్తూ చట్టం చేసింది. ఈ పనిని ఊరూరా నడిపి దేశానికి చూపించిన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడి భోజనం, ఇళ్ల బిల్లులు, సీసీ రోడ్లు, తాగునీటి పైపులు, అన్నిటి లెక్కలూ కూలి మస్టరు చదివినట్టే ఊరి నడుమ చదవాలి. తేలిన సొమ్ము ఏ తేదీలోగా ఎవరి నుంచి వసూలు చేస్తారో అదే వేదిక మీద రాసివ్వాలి. మీ పంచాయతీలో ఈసారి గ్రామ సభ చాటింపు వినిపిస్తే, వెళ్లి కూర్చోండి. మస్టరులో మీ పేరు లేకపోయినా, చదివే గొంతుకు వినేవాళ్లు కావాలి.